ఒంటి పిలుపు

సారు పోయారని ఆయన భార్య ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను తాడేపల్లిలో, మా బడి స్టాఫ్ రూములో కూర్చుని మూడో తరగతి పిల్లల చూచిరాత పుస్తకాలు దిద్దుతున్నాను. ఆవిడ ఏడవలేదు. ఎలా జరిగిందో మాత్రం పూస గుచ్చినట్టు చెప్పారు.

"పన్నెండు కావస్తోందమ్మా. వరండాలో పేపరు చదువుతున్నారు. నేను వంటింట్లో ఉన్నాను. ఉన్నట్టుండి 'ఆఁ, వస్తున్నా' అని వినిపించింది. ఎవరొచ్చారా అని నేనూ ఇవతలికొచ్చాను. గేటు దగ్గర ఎవరూ లేరు. ఈయన లేచి, కళ్ళజోడు తీసి పేపరు మీద పెట్టి, మెట్ల వైపు రెండడుగులు వేశారు. అంతే."

గొంతు తగ్గించి అడిగారు. "ఎవరు పిలిచి ఉంటారంటావ్?"

"అలాంటప్పుడు చెవుల్లో ఏవేవో వినిపిస్తాయటండీ, డాక్టర్లు చెబుతారు" అన్నాను. ఏ డాక్టరూ నాకు అలా చెప్పలేదు. ఇలాంటి మాటలు నాకు అప్పటికప్పుడు తన్నుకొస్తాయి. అదొక జబ్బు నాకు.

ఆవిడ నమ్మారో లేదో తెలీదు. ఫోన్ పెట్టేశాక దిద్దిన పేజీనే మళ్ళీ దిద్దుతుంటే చూసి పక్క టీచరు మంచినీళ్ళిచ్చింది. ఎవరు పిలిచి ఉంటారో నాకు తెలుసేమోనన్నదే నా భయం.

ఆయన పిల్లల సైకాలజిస్టు. గుంటూరులో పాఠాలు చెబుతూ, వారంలో మూడు రోజులు పత్తి, మిరప పండే పల్లెల్లో తిరిగేవారు. ఊళ్ళలో ఆయన పేరు ఎవరికీ తెలీదు. బొమ్మల డాక్టరంటే తెలుసు. నేను ఆయన దగ్గర నాలుగేళ్ళు ఫీల్డ్ అసిస్టెంటుగా చేశాను. సంతాపసభలో ఆయన డిగ్రీలు, పదవులు, రాసిన వ్యాసాలు వరసగా చదివారు. ఆయన వెనక్కి తీసుకున్న ఒక్క వ్యాసం ఊసు మాత్రం ఎవరూ ఎత్తలేదు. మర్యాద కోసమే అయివుంటుంది. నాకైతే ఆయన గురించి చెప్పాలంటే ఆ వ్యాసం దగ్గరికే వెళ్ళాలి. దానికి ముందు ఆయన నడక గురించి చెప్పాలి.

ఆయన ఎవరినీ పేరు పెట్టి పిలిచేవారు కాదు. మీరు వరండా ఆ చివర అటు తిరిగి నిలబడి ఉన్నారనుకోండి. ఈ చివర నుంచి నడుచుకుంటూ వచ్చి, మిమ్మల్ని దాటి, ఎదురుగా నిలబడి, మీరు ఆయన్ని చూశారని రూఢి చేసుకున్నాకే నోరు విప్పేవారు. ఒకసారి గుంటూరు బస్టాండులో దర్శి బస్సనుకుని నేను వేరే బస్సెక్కబోతున్నాను. ఆయన కాస్త దూరంలోనే ఉన్నారు. ఒక్క కేక వేస్తే సరిపోయేది. వేయలేదు. అంత పెద్ద సూట్‌కేసు పట్టుకుని, జనాన్ని తోసుకుంటూ పరిగెత్తుకొచ్చి, బస్సు మెట్ల మీద నాకు అడ్డంగా నిలబడి రొప్పారు.

"నోరు లేదా సార్ మీకు?" అన్నాను విసుగ్గా.

"ఉంది. అందుకే" అన్నారు.

తర్వాత వచ్చిన విద్యార్థులు ఆ నడకని అనుకరించి నవ్వుకునేవాళ్ళు. అది ఆయనకి పుట్టుకతో వచ్చిన చాదస్తం అనుకునేవాళ్ళు. కాదు. నేను చేరిన మొదటి ఏడాది ఆయన రెండో అంతస్తు కిటికీలోంచి "సువార్తా!" అని అరిస్తే రోడ్డవతల జిరాక్స్ షాపులో ఉన్న నాకు వినిపించేది. షాపు ఆయన "వెళ్ళమ్మా, మీ సారుకి గుండె ఆగిపోయేట్టుంది" అని నన్ను ముందు పంపించేసేవాడు.

ఆయన చొక్కా రెండో గుండీకి దారంతో ఒక పెన్సిలు కట్టి ఉండేది. పిల్లలు దాన్ని పట్టుకుని లాగుతారని, లాగితే మాట్లాడ్డం మొదలవుతుందని ఆయన లెక్క. కుర్చీ ఇస్తే కూర్చునేవారు కాదు. పిల్ల ఎక్కడుంటే అక్కడ నేల మీద బాసింపట్టు వేసుక్కూర్చుని, చెక్క దిమ్మెలతో కావాలనే తప్పుగా ఇల్లు కట్టేవారు. అయిదు నిమిషాలు తిరక్కుండా పిల్ల "అట్టా కాదు సారూ" అని లాక్కునేది. మిరపకాయలంటే మాత్రం ఆయనకి పడేది కాదు. కల్లాల మీద కాయలు ఆరబోసిన రోజుల్లో ఊళ్ళో అడుగు పెడితే చాలు, తుమ్ములు. పిల్లలు చుట్టూ చేరి లెక్కపెట్టేవాళ్ళు. పది దాటితే చప్పట్లు కొట్టేవాళ్ళు. తడి రుమాలు ముక్కుకి కట్టుకుని, దాని వెనక నుంచే "ఎన్నయినాయి?" అని అడిగేవారు.

ఆ రోజుల్లో ఆయన నోట్లో ఎప్పుడూ ఒక మాట ఉండేది. "ముందు రాయి. అర్థం తర్వాత చూద్దాం." నేను ఏ ఇంట్లోనైనా ఏదైనా విని "సార్, ఇదేంటంటే" అని మొదలుపెడితే అడ్డు తగిలేవారు. పరిశోధకుడు ముందే అర్థం చేసుకుంటే తనకి కావలసిందే కనిపిస్తుందట. నాకది గొప్ప మాటలా తోచింది. నోరు మూసుకోవడం నేర్చుకున్నాను.

ఆయన పరిశోధన పురుగుమందులు ఎక్కువగా కొట్టే పల్లెల్లో పిల్లల ఎదుగుదల మీద. అందులో ఒక పరీక్ష ఉంది. పిల్ల ఆటలో ఉండగా వెనక నుంచి పేరు పెట్టి పిలిస్తే తిరుగుతుందా లేదా. వినడానికి ఇంతే. కొత్తవాళ్ళు పిలిస్తే పిల్లలు బెదురుతారు కాబట్టి తల్లి గొంతే ఉండాలన్నారు సారు. తల్లులేమో తెల్లారేసరికి చేలల్లో ఉంటారు. అందుకని ముందురోజే చేలోకి వెళ్ళి, అరచేతిలో పట్టే ఒక రికార్డరులో తల్లి చేత పిల్ల పేరు పిలిపించి పట్టుకొచ్చేవాళ్ళం. మర్నాడు బడిలో, పిల్ల వెనక నుంచి దాన్ని మోగించేవాళ్ళం. ఊళ్ళో వాళ్ళు దాన్ని పెట్టె అనేవాళ్ళు. ఆ పెట్టెలో అప్పటికి గుంటూరు వైపు పల్లెల తల్లులు చాలామంది ఉన్నారు. సారు బస్సులో దాన్ని చెవి దగ్గర పెట్టుకుని వింటుంటే, పక్క సీట్లోంచి నాకు సన్నగా ఆడగొంతులు వినిపించేవి. ఒకరి తర్వాత ఒకరు పిల్లల్ని పిలుస్తూ ఉండేవాళ్ళు. ఎవరూ పలికేవాళ్ళు కాదు.

దర్శి దాటాక లోపలికి ఉన్న ఒక ఊరికి వెళ్ళాం. పత్తితీతల కాలం. ఎండ నడినెత్తికొచ్చింది. ఆడవాళ్ళు నడుముకి ఒడిగుడ్డలు కట్టుకుని వరసల్లో ఉన్నారు. సారు మామూలుగా చెప్పారు. "మీ పిల్లని పేరు పెట్టి ఒక్కసారి పిలవండమ్మా. ఒక్కసారే. వెనకా ముందూ ఏమీ అనకూడదు."

మిగతా ఊళ్ళలో ఈ మాటకి నవ్వేవాళ్ళు. ఇక్కడ ఎవరూ నవ్వలేదు. పత్తి తీసే చేతులు ఆగిపోయాయి.

"ఒక్కసారి పిలవడమేందండీ?" అంది ఒక ముసలావిడ. "ఎవురన్నా అట్టా పిలుస్తారా?"

నేను ఫైలులోకి తల దించుకున్నాను. ఎందుకంటే నాకు తెలుసు. మాది సింగరాయకొండ వైపు ఊరు. మా నాన్న చర్చిలో సంఘపెద్ద, దయ్యాలు లేవని గుడ్డలు చించుకుని చెప్పేవాడు. అయినా మా అమ్మ మధ్యాహ్నం పూట మమ్మల్ని ఒంటిపిలుపుకి పలకనిచ్చేది కాదు. బతికున్న మనిషి ఒక్కసారి పిలిచి ఊరుకోదు. పలక్కపోతే మళ్ళీ పిలుస్తుంది, మూడోసారి తిడుతుంది. చేలల్లో చనిపోయినవాళ్ళకి ఒక్కసారి పిలిచేంత ఊపిరే ఉంటుందట. దానికి పలికామా, పలికిన నోటితోనే వెంట వెళ్ళిపోవాలి. పత్తి పిల్లల నెత్తి దాకా పెరుగుతుంది. గొంతు విని లోపలికి వెళ్ళిన పిల్లలు దారి తప్పారని, దిగుడుబావుల్లో పడ్డారని మా చిన్నప్పుడు విన్నాం. ఆ భయం అందుకే పుట్టిందేమో. ఏదైనా గానీ, మూడు పిలుపులు అయ్యేదాకా మా ఊళ్ళో పిల్లలు నోరెత్తరు.

ఇదంతా సారుకి చెప్పొచ్చు. డిగ్రీ చదివి, ఆయన పక్కన ఫైలు పట్టుకుని నిలబడి, మా అమ్మ చెప్పిన దయ్యాల సంగతి ఎత్తడానికి నాకు సిగ్గేసింది. పైగా అర్థాలు తర్వాత కదా.

ముందుకొచ్చింది ఒక సన్నటామె. గట్టు మీద ఆమె కూతురు దీవెన, ఏడేళ్ళుంటాయి, పత్తికాయ డిప్పలతో ఆడుకుంటోంది. "నేను రెండుసార్లు పిలుస్తానండీ" అంది ఆమె.

"లేదమ్మా, అందరిదీ ఒకేలా ఉండాలి. ఒక్కసారే" అన్నారు సారు.

ఆమె నా వంక చూసింది. ఆడదాన్ని, ఆ వైపుదాన్నని మాట తీరు బట్టే పోల్చుకుని ఉంటుంది. "ఏం కాదులే వదినా, మిషనే కదా" అన్నాను. ఆమె రికార్డరుని రెండు చేతుల్తో నోటి దగ్గర పట్టుకుని, కళ్ళు మూసుకుని, "దీవెనా!" అని పిలిచింది. చివరి అక్షరాన్ని సాగదీసింది. పిలిచాక గబుక్కున కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మర్నాడు బడిలో ఒక ఖాళీ గది ఇచ్చారు. పిల్ల నాకెదురుగా కూర్చుని దిమ్మెలు పేరుస్తుంది. పిల్ల వెనక కిటికీ. కిటికీ అవతల వరండాలో సారు, పెట్టె, స్టాప్ వాచీ. గొంతు మోగాక పది లెక్కపెట్టేలోగా పిల్ల తిరిగితే ఒక గుర్తు, తిరక్కపోతే సున్నా. గుంటూరు వైపు ఊళ్ళలో గొంతు పూర్తి కాకముందే పిల్లలు గిరుక్కున తిరిగేవాళ్ళు. ఇక్కడ ఒక్కరూ తిరగలేదు.

ఆ పూట ఎప్పటికీ మర్చిపోను. బయట ఎండ, ఎక్కడో ట్రాక్టరు చప్పుడు. కిటికీలోంచి ఒక తల్లి గొంతు. పిల్ల వేళ్ళు దిమ్మె మీద ఆగిపోతాయి. మెడ నరం బిగుస్తుంది. కళ్ళెత్తి నా ముఖంలోకి చూస్తుంది. తర్వాత మెల్లగా మళ్ళీ దిమ్మె పెడుతుంది. వెనక పది లెక్కపెట్టడం, పెన్సిలు గీత. ఇంకో పిల్ల, ఇంకో తల్లి. దీవెన వంతు వచ్చింది. "దీవెనా!" అన్న ఆ పిలుపు గదిలో అలాగే ఉండిపోయినట్టు అనిపించింది. దీవెన కూడా నా వంక చూసి తల దించుకుంది. కావాలని మూడు రోజులు వరసగా అదే పరీక్ష పెట్టారు సారు. మూడు రోజులూ సున్నాలే.

ఆయనకి నిద్ర పట్టలేదు. ఒకే ఊరు, మందు విపరీతంగా కొట్టే ఊరు, పిల్లలు తల్లి పిలుపుకి కూడా తిరగడం లేదు. రాశారు. పెద్ద పత్రికలో పడింది. ఎక్కడెక్కడి వాళ్ళో ఫోన్లు చేశారు, కార్లలో వచ్చి ఆ చేలల్లో ఫోటోలు తీసుకున్నారు. డిపార్ట్‌మెంట్ హెడ్ కుర్చీ ఆయనదేనని అటెండర్లు కూడా అనుకోవడం మొదలుపెట్టారు. నాకు ఆయన ఒక చీర కొనిపెట్టారు. మంగళగిరి చీర, ముదురాకుపచ్చ. ఇప్పటికీ మడత విప్పలేదు.

ఊళ్ళో మాత్రం ఆ సున్నాలు వేరే పని చేశాయి. బడి హెడ్మాస్టరు ఆ పిల్లలందర్నీ వెనక వరసలో కూర్చోబెట్టాడు. దీవెన అసలే మాటలు తక్కువ పిల్ల. దాన్ని ఒంగోలులో బుద్ధి ఎదగని పిల్లల హాస్టలుకి పంపించమని తండ్రిని పోరు పెట్టాడు. "నేనంటున్నానా? డాక్టరుగారే రాసిచ్చారు" అన్నాడట. తండ్రి సంతకం పెట్టాడు. తల్లి నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

"నా పిల్ల చెవులు బంగారంలా ఉన్నయ్యమ్మా. మీ పెట్టెకి పలకలేదంతే. సారుతో ఒక మాట చెప్పు."

"చెబుతాలే వదినా" అన్నాను. చెప్పలేదు. ఏమని చెప్పాలి? వ్యాసం వచ్చేసింది. దీవెన ఒంగోలు వెళ్ళిపోయింది. అది వెళ్ళిన రెండో ఏడు మిరపకోతల నుంచి కూలీల్ని తీసుకొస్తున్న ట్రాక్టరు కాలవలోకి తిరగబడింది. పోయినవాళ్ళలో దీవెన తల్లి ఉంది.

నెల తర్వాత దీవెన నాయనమ్మ గుంటూరు వచ్చింది. చేలో ఆ రోజు "ఎవురన్నా అట్టా పిలుస్తారా" అని అడిగిన ముసలావిడే. సారు గది గుమ్మంలో చెప్పులు విడిచి, లోపలికి రాకుండా అక్కడే చతికిలబడింది. అలవాటు ప్రకారం సారు కూడా వెళ్ళి ఆవిడ ఎదురుగా నేల మీద కూర్చున్నారు.

"అయ్యా, నా కోడలు నీ పెట్టెలో ఉందంట. దాన్ని వదిలిపెట్టు."

సారుకి అర్థం కాలేదు.

"తల్లి చచ్చిపోయిందని పిల్లని తీసుకొచ్చాం. మజ్జానం పూట పిల్ల గుమ్మంలో కూకుని చేను వంక చూస్తా ఉంటది. ఏందే అంటే, అమ్మ పిలిచిందంటది. ఏడుందే మీ అమ్మ అంటే, బొమ్మల డాక్టరు పెట్టెలో ఉందంటది. నీకు దణ్ణం పెడతా బాబూ. ఏదో ఒకనాడు దీవెన పలికిందంటే నాకు దక్కదు."

"దీవెన పలకదు కదమ్మా" అన్నారు సారు మృదువుగా. "తల్లి బతికున్నప్పుడే పలకలేదు."

"ఒంటిపిలుపుకి ఎట్టా పలుకుద్దయ్యా? పలకొద్దని మేం నేర్పామా లేదా?"

సారు చెయ్యి గుండీ మీద పెన్సిలు దగ్గరికి వెళ్ళి ఆగింది. "పలకొద్దని నేర్పారా?" అన్నారు. ఆవిడ చెప్పింది. చంటిపిల్లకి చెప్పినట్టు, ఒక్కోటీ విడమరిచి చెప్పింది. ఆయన మధ్యలో అడ్డు తగల్లేదు. చివర్లో ఒక్కటే అడిగారు. "మూడోసారి పిలిస్తే?"

"మూడోసారి పిలిస్తే మనిషేగా. ఎందుకు పలకదూ?"

ఆయన నా వైపు తిరిగారు. ఆ ముఖంలో కోపం లేదు. అందుకే ఇంకా భయమేసింది. "నీకు తెలుసా ఇది?"

"తెలీదు సార్. మా వైపు ఇలాంటివి లేవు" అన్నాను.

"ఏ ఊరమ్మాయ్ నీది?" అంది ముసలావిడ. సింగరాయకొండ వైపని చెప్పాను. ఆవిడ నన్ను తేరిపార చూసి, "ఊఁ" అని, కొంగు సర్దుకుంది.

సారు బీరువా తీసి పెట్టె తెచ్చారు. నొక్కుతూ వెతికారు. ముసలావిడ రెండు చెవులూ మూసుకుంది. "దీవెనా!" అంది పెట్టె. చనిపోయిన మనిషి గొంతు, పగలు పన్నెండింటికి, ట్యూబ్‌లైటు కింద. ఆ గొంతు ఆగీ ఆగకముందే సారు పలికారు.

"ఆఁ, వస్తున్నా" అన్నారు. అని, దాన్ని చెరిపేశారు.

ముసలావిడ చెవులు మూసుకున్నా ఆయన పెదాలు కదలడం చూసింది. "ఎంత పని చేశావు బాబూ" అని లేచి నిలబడింది.

"పిల్లకి బదులు ఎవరో ఒకరు పలకాలి కదమ్మా. ఆవిడ ఒక్కసారి పిలిచింది నా మాట మీదే" అన్నారు సారు.

ఆ తర్వాత ఆయన చాలా ఏళ్ళు బతికారు. అది కూడా చెప్పాలి, లేకపోతే ఈ కథకి నేనేదో రంగు పూస్తున్నాననుకుంటారు. కానీ ఆ రోజు నుంచి ఎవరినీ వెనక నుంచి పిలవలేదు.

మర్నాడే ఒంగోలు వెళ్ళాం. నాయనమ్మ గుంటూరు వచ్చిన పూటే తండ్రి దీవెనని మళ్ళీ హాస్టలులో దింపేశాడట. "నువ్వు బయటుండమ్మా" అన్నారు నాతో. ఎప్పుడూ అలా అన్న మనిషి కాదు. కిటికీలోంచి చూశాను. ఆయన దీవెనకి ఎదురుగా కూర్చున్నారు. దిమ్మెలు లేవు, కాయితాలు లేవు. ఆ పిల్ల రెండేళ్ళలో పూర్తిగా మారిపోయింది. మిగతా పిల్లల్లాగే ముందుకీ వెనక్కీ ఊగుతోంది. సారు ఏదో అడిగారు. చాలాసేపటికి అది ఊగడం మానేసి, నెమ్మదిగా ఏదో చెప్పింది. ఆయన తల వంచుకుని విన్నారు. తర్వాత ఇద్దరూ అలాగే కూర్చుండిపోయారు.

బయటికొచ్చి నాకు చెరుకురసం ఇప్పించారు. ఆయన తాగలేదు. "పిల్ల ఏమందండీ?" అని అడిగాను.

"పిలిస్తే వినపడిందంది" అన్నారు. నా ఖాళీ గ్లాసు బండివాడికిచ్చి, "నువ్వు బీఎడ్ చెయ్యి. టీచరుగా బాగుంటావు. పిల్లలు నీ ముఖం చూస్తారు" అన్నారు. నేను దాన్ని మెచ్చుకోలు అనుకున్నాను. ఆ తర్వాత నన్ను ఏ పిల్లకీ ఎదురుగా కూర్చోబెట్టలేదు. కాయితాల పని ఇచ్చారు. జీతం పెంచారు కూడా.

వ్యాసం వెనక్కి తీసుకుంటూ ఆయన రాసిన ఉత్తరాన్ని టైపు చేసింది నేనే. ఆ ఊరి ఆచారం తెలుసుకోకుండా పరీక్ష తయారు చేశానని, తప్పు పూర్తిగా తనదని రాశారు. "మనం" అన్న మాట ఎక్కడా లేదు, అంతా "నేను". ఆ మాట దగ్గర నా వేళ్ళు ఆగేవి. అయినా చెప్పలేకపోయాను. హెడ్ కుర్చీ ఇంకొకరికి వెళ్ళింది. స్టాఫ్ రూముల్లో ఆయన్ని దయ్యాల ప్రొఫెసర్ అన్నారు. ఆయన విని, "ఇప్పటికి సరైన పోస్టు ఇచ్చారు" అని నవ్వారు. దీవెనని ఇంటికి చేర్చడానికి ఆఫీసుల చుట్టూ తిరిగారు. చేర్చారు. కానీ పోయిన రెండేళ్ళూ తేలేకపోయారు. మామూలు బడిలో అది నిలదొక్కుకోలేదు. ఎనిమిదితో ఆపేసింది. ఆయన ఏటా ఆ ఊరు వెళ్ళి, దాని ఎదురుగా నేల మీద కాసేపు కూర్చుని వచ్చేవారు. ముందు రాయి అన్న మాట మళ్ళీ ఆయన నోట వినలేదు.

సంతాపసభ అయిన మర్నాడు నేను దీవెన దగ్గరికి వెళ్ళాను. ఇప్పుడు గుంటూరు శివార్లలో, కోల్డ్ స్టోరేజీల పక్కన ఒక షెడ్డులో మిరపకాయలకి తొడిమలు తీస్తోంది. లోపల ఎర్రటి దుమ్ము. యాభై మంది ఆడవాళ్ళు ముక్కుకీ నోటికీ గుడ్డలు కట్టుకుని వరసగా కూర్చున్నారు. కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. ఒక్క మాట లేదు, తొడిమలు విరిగే చప్పుడు తప్ప. నేను ఎవరినీ పిలవలేదు. ఒక్కో మనిషి ఎదురుగా వెళ్ళి కళ్ళలోకి చూసుకుంటూ నడిచాను. చివరికి ఒక జత కళ్ళు నన్ను గుర్తుపట్టాయి.

షెడ్డు వెనక్కి వచ్చి నిలబడ్డాం. సారు పోయారని చెప్పాను. దానికి అప్పటికే తెలుసట. ఇక ఆగలేకపోయాను. పన్నెండేళ్ళుగా గొంతులో ఉన్నది అక్కడ కక్కేశాను. "దీవెనా, ఒంటిపిలుపు సంగతి నాకు ముందే తెలుసు. పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఆ రోజు ఒక్క మాట సారుతో అనుంటే నువ్వు ఒంగోలు వెళ్ళేదానివి కాదు. తర్వాత అడిగినప్పుడు కూడా తెలీదని అబద్ధం చెప్పాను. ఆయన నమ్మారు. నన్ను క్షమించమని అడగడానికొచ్చాను."

అది నెమ్మదిగానే మాట్లాడుతుంది, ఒక్కో మాటనీ వెతికి తెచ్చుకుంటున్నట్టు. "ఆనాడు పిలిచింది పెట్టేనని నాకు తెలుసక్కా" అంది. "చేలో మా అమ్మ పిలిచినప్పుడు నేను గట్టు మీదే ఉన్నాగా. బళ్ళో మళ్ళీ అదే మోగేసరికి నవ్వొచ్చింది. తిరుగుదామనే అనుకున్నా."

"మరి ఎందుకు తిరగలేదే?"

"మీరు వద్దన్నారుగా."

"నేనా?"

"నోటితో కాదు. ఇట్టా." గుడ్డ గడ్డం కిందికి లాగి చూపించింది. కళ్ళు పెద్దవి చేసి, గడ్డాన్ని వెంట్రుకవాసి అటూ ఇటూ కదిపింది. అది మా అమ్మ ముఖం. మధ్యాహ్నం పూట మా గుమ్మంలో నిలబడి నన్ను ఆపిన ముఖం. అది నా ముఖంలో ఉందని నాకే తెలీదు. "మా అందరికీ అట్టాగే చెప్పారు. మా మంచికే చెప్తన్నారనుకున్నాం" అంది దీవెన.

షెడ్డు గోడకి ఆనుకున్నాను. తెలిసీ చెప్పకపోవడమే నా తప్పనుకుని ఇన్నేళ్ళూ బతికాను. ఆ సున్నాలు పెట్టించింది నేను. దాన్ని ఒంగోలు పంపింది నేను. ఆయన కుర్చీ పోగొట్టింది నేను.

"సారుకి తెలిస్తే" అన్నాను.

"తెలుసక్కా. ఒంగోలులో అడిగినప్పుడే చెప్పా, అక్క వద్దన్నదని. చానాసేపు ఏం మాట్లాళ్ళా. తర్వాత, ఈ మాట అక్కకి మటుకు చెప్పబాకమ్మా, నేనున్నన్నాళ్ళూ చెప్పబాకు అన్నాడు. వచ్చినప్పుడల్లా అదే అడిగేవాడు, చెప్పలేదుగా అని." దీవెన గుడ్డ మళ్ళీ ముక్కు మీదికి లాక్కుంది. "ఇప్పుడాయన లేడుగా. అందుకని చెప్తన్నా" అని లోపలికెళ్ళి, కాయల ముందు కూర్చుని తొడిమలు తీయసాగింది.